ఫస్ట్ బేస్ పంచాయితీ

బేస్‌బాల్ అభిమానులకు అసలు పని ఆట లేని నెలల్లోనే ఉంటుంది. ఎండాకాలంలో ఏముంది, వాళ్లు ఆడతారు, మనం చూస్తాం, గెలిస్తే ఎగురుతాం, ఓడితే టీవీని తిడతాం. మంచు పడి మైదానాలు మూతపడ్డాకే ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదిలెయ్యాలి, ఎవరినిచ్చి ఎవరిని తెచ్చుకోవాలి అన్న అసలైన రచ్చ మొదలవుతుంది. కెనడాలోని విండ్సర్‌లో ఆ రచ్చ కోసమే చలికాలం ఆదివారం మధ్యాహ్నాలు ఒక బేస్‌మెంట్‌లో చేరే తెలుగువాళ్లం కొందరం ఉన్నాం. నది దాటితే అమెరికా, అక్కడ డెట్రాయిట్. టన్నెల్‌లో దూరి అవతల తేలితే అక్కడి స్టేడియం పక్కనే ఉంటుంది. అయినా మేం మాత్రం నాలుగు గంటలు డ్రైవ్ చేస్తే గాని రాని టొరంటో జట్టుకే ప్రాణం పెడతాం. ఎందుకని ఎవరైనా అడిగితే మన దేశం కదా అంటాం. ఆ మాట అనేటప్పుడు మాలో సగం మందికి ఇంకా ఇక్కడ స్థిరంగా ఉండే అనుమతి, ఆ పీఆర్ కూడా రాలేదు.

మా పంచాయితీకి ఒక పద్ధతి ఉంది. మాట్లాడేవాళ్లు అభిమానిలా కాదు, జట్టు యజమానిలా మాట్లాడాలి. 'వాడంటే నాకిష్టం' అన్న మాట చెల్లదు. వాదనంతా అయ్యాక చేతులెత్తించి తేలుస్తాం. ఈ పద్ధతి పెట్టింది నేనే. కారు విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసేవాణ్ని. లోపమున్న ముక్క కంటబడితే తీసి పక్కన పారెయ్యడమే నా ఉద్యోగం. ఆ ఉద్యోగం చేసీ చేసీ నా నోరు కూడా అలాగే తయారైంది. దానికి తోడు పుట్టింది అనంతపురంలో. మెల్లగా మాట్లాడటం మా ఇంటావంటా లేదు.

మేం చూడటంతో సరిపెట్టుకునే రకం కాదు. ఎండాకాలంలో ఊళ్లోని లీగులో మాకూ ఒక జట్టుంది. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి ఆడే సాఫ్ట్‌బాల్. బంతి కాస్త పెద్దది, బ్యాట్ పట్టినవాళ్లకి మెల్లగా వేస్తారు, మిగతాదంతా బేస్‌బాలే. మా కెప్టెన్ నా ఫ్యాక్టరీలోనే పనిచేస్తాడు. గుంటూరు వైపు మనిషి, నాకన్నా బాగా చిన్నవాడు, నన్ను అన్నయ్యా అంటాడు. ఆ బేస్‌మెంట్ కూడా అతనిదే. మా ఆవిడ సెకండ్ బేస్ దగ్గర ఆడుతుంది. నేను జట్టు పుట్టినప్పటి నుంచీ ఫస్ట్ బేస్.

ఫస్ట్ బేస్ అంటే ఏమిటో క్రికెట్ మాత్రమే తెలిసినవాళ్లకి ఒక్క మాటలో చెబుతాను. బంతి కొట్టినవాడు ముందు పరిగెత్తేది అక్కడికే. నేల మీద దొర్లే బంతిని ఎవరు అందుకున్నా, కొట్టినవాడు చేరేలోపు ఫస్ట్ బేస్‌కి విసరాలి. అక్కడున్న మనిషి బేస్ మీద కాలు పెట్టుకుని దాన్ని పట్టుకుంటే వాడు అవుట్. అంటే జట్టంతా చూసేది నావైపే, విసిరేది నా చేతికే. ఫ్యాక్టరీలో నేనొక బ్యాడ్జి నంబరుని. ఇంట్లో పిల్లలు నేను తెలుగులో అడిగినదానికి ఫోన్‌లోంచి తలెత్తకుండా ఇంగ్లీషులో జవాబిస్తారు. వారానికి ఒక్క సాయంత్రం, ఆ తెల్లటి బేస్ పక్కన నిలబడ్డప్పుడు మాత్రం నేను లేకపోతే పని జరగదు. ఆ చోటు నాకు ఎంత ప్రాణమో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం వస్తుందనీ అనుకోలేదు.

జనవరి చివర్లో ఒక ఆదివారం. బయట వాకిళ్లన్నీ మంచుతో కప్పుకుపోయాయి. లోపల మిరపకాయ బజ్జీలు, అల్లం టీ. చర్చ కెప్టెనే ఎత్తుకున్నాడు. టొరంటో జట్టులో ఫస్ట్ బేస్ ఆడే పెద్దాయన కాంట్రాక్టు అయిపోయింది, మళ్లీ తీసుకోవాలా వద్దా అని. ఎప్పుడూ గలగలా మాట్లాడేవాడు ఆ రోజు ఒక్కో మాటా తూచి తూచి వదిలాడు. నాకు అదేమీ పట్టలేదు. బజ్జీ చేతిలో ఉండగానే అందుకున్నాను.

"తీసుకోవడమేందప్పా? పోయిన సీజన్ ఆయన కాళ్ల కిందనుంచి ఎన్ని బంతులు పోయినాయో చూడలేదా? వంగలేడు, సాగలేడు. పేరు చూసి చోటిస్తే ఆట ఎవరాడతారు?"

మా జట్టులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి ఉంది. వరంగల్ నుంచి యూనివర్సిటీలో మాస్టర్స్ చేయడానికి వచ్చింది. ఆ పిల్ల సోఫా చివర కూర్చుని అడిగింది.

"అంకుల్, మరి అంత సీనియర్ కదా, ఫీల్ గాడా?"

"ఫీల్ అవుతాడు తల్లీ. అవనీ. ఆట వేరు, ఫీలింగ్ వేరు."

కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "అయితే అన్నయ్యా, అలాంటి మనిషికి విషయం ఎట్లా చెప్పాలంటారు?"

"ముఖం మీద చెప్పాల. చుట్టూ తిప్పి, పక్కోళ్ల కథలు చెప్పి, ఆయనకే అర్థమవుతుందిలే అని కూర్చోవడం పిరికితనం."

"పోనీ కోచ్‌గా ఉండమంటే? అనుభవం ఉందిగా."

ఆ మాటకి నాకు నిజంగానే ఒళ్లు మండింది. "కోచా? అంతకన్నా అవమానం ఇంకోటి లేదు. పెళ్లిలో ముసలోణ్ని పెద్దమనిషీ పెద్దమనిషీ అంటూ తీసుకుపోయి కూలర్ పక్కన కుర్చీలో పడేసినట్టు. తీసేస్తే తీసెయ్యండి, బిరుదులిచ్చి కూర్చోబెట్టొద్దు."

కెప్టెన్ కాలి దగ్గర ఒక అట్టపెట్టె ఉంది. దాన్ని అతను మెల్లగా కాలితో టేబుల్ కిందికి నెట్టడం చూశాను. స్వీట్లేమో, చివర్లో పంచుతాడేమో అనుకున్నాను.

చేతులెత్తించాం. ఆయన్ని వదిలెయ్యాలని అందరూ ఎత్తారు. మా ఆవిడ అందరికన్నా ఆఖర్న, టీ కప్పులోకి చూస్తూ ఎత్తింది. మా పంచాయితీ చరిత్రలో నా మాట ఏకగ్రీవంగా నెగ్గడం అదే మొదలు. ఛాతీ ఉబ్బిపోయింది. ఇంకో బజ్జీ తీసుకున్నాను.

"అన్నయ్యా, ఇప్పుడు మన టీమ్ సంగతి," అన్నాడు కెప్టెన్. "లీగ్ రిజిస్ట్రేషన్ దగ్గరికొచ్చింది. అందరూ పాత ప్లేసుల్లోనే. ఒక్క ఫస్ట్ బేస్ దగ్గరే..."

అక్కడ ఆగిపోయాడు.

"ఫస్ట్ బేస్‌కి ఏమైంది?" అన్నాను.

వరంగల్ అమ్మాయి సోఫా కుట్లు లెక్కపెడుతున్నట్టు తల వంచుకుంది. కెప్టెన్ మా ఆవిడ వైపు చూశాడు. ఆమె కప్పు కింద పెట్టింది.

"మీ గురించేనండీ. ఈసారి మీరు ఆడొద్దనుకుంటున్నాం. ఫస్ట్ బేస్‌కి ఈ అమ్మాయిని వేద్దామని."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చూస్తే చేతిలో బజ్జీ అలాగే ఉంది, దాన్ని ఏం చేయాలో తోచలేదు. ఫ్యాక్టరీలో తీసేశామని చెప్పినా అంత దిమ్మతిరిగేది కాదేమో, ఆ భయం ఎప్పుడూ ఉండేదే. ఇక్కడ తీసేస్తారన్న ఆలోచన కలలో కూడా రాలేదు.

"అంటే ఇంతసేపూ మాట్లాడింది నా గురించా?" అన్నాను.

"లేదన్నయ్యా, టొరంటో ఆయన గురించేనండీ," అన్నాడు కెప్టెన్, ముఖం చిన్నబుచ్చుకుని. "మీరు ఆయన పక్షాన మాట్లాడతారనుకున్నాం. పెద్దవాళ్లకి గౌరవం ఇవ్వాలి, కోచ్‌ని చెయ్యాలి అంటారనుకున్నాం. అప్పుడు మీకూ అదే చెప్పొచ్చని... మీరు అంతంత మాటలంటారని ఎవరనుకున్నారు?"

పెద్దవాడికి నేరుగా చెప్పడం మన ఇళ్లలో ఎక్కడుంది? ఎవరో ఇంకొకరి మీద పెట్టి చెబుతారు, భార్య చేత చెప్పిస్తారు, భోజనం అయ్యాక చెబుతారు. వీళ్లూ అదే చేశారు. నాలాంటి వయసే, నాలాంటి మోకాళ్లే ఉన్న ఆటగాడి మీద నాకు జాలి కలుగుతుందనీ, ఆ జాలిలోంచి నన్ను మెత్తగా దించేయొచ్చనీ పాపం వారాల తరబడి ఆలోచించి ఉంటారు. వాళ్లు లెక్కలో వేసుకోనిది ఒక్కటే. ఆ పెద్దాయనలో నాకు నేను కనబడలేదు. టేబుల్ కింది పెట్టెలో ఉన్నవి స్వీట్లు కావు. వీపు మీద కోచ్ అని అచ్చువేయించిన జాకెట్టు. తర్వాత తెలిసింది, అందరూ కలిసి కొన్నారట.

అరికాలి మంట నెత్తికెక్కింది. "సరే. మన పద్ధతి మనకుందిగా. చేతులెత్తండి. నన్ను తీసెయ్యాలనేవాళ్లు ఎత్తండి," అన్నాను.

టొరంటో ఆయన మీద గబగబా లేచిన చేతులు ఒక్కటీ లేవలేదు. కెప్టెన్ తన అరచేతులు తొడల కింద పెట్టుకున్నాడు. వీళ్లకి అంత ధైర్యం లేదని తెలిసే అడిగాను, నిజం చెప్పొద్దూ. గెలిచాననుకుని లేవబోయాను. అప్పుడు ఒక్క చెయ్యి లేచింది. మా ఆవిడది.

ఆమె ఈసారి కప్పులోకి చూడలేదు. నా వైపే చూస్తూ ఎత్తింది. ముందు తగిలిన దెబ్బ దీని పక్కన ఏపాటి.

కారులో ఇంటికి బయల్దేరాం. వైపర్లు మంచుని ఈడుస్తున్నాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇక పట్టలేకపోయాను.

"వాళ్లంటే బయటోళ్లు. నువ్వు ఎట్లా ఎత్తినావు?"

"వాళ్లెవరూ ఎత్తరని తెలుసు కాబట్టి."

"నాకేం తక్కువైంది?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. అటే చూస్తూ చెప్పింది. "పొద్దు వాలాక మీకు బంతి కనబడటం లేదండీ. మీరు గ్లవ్ అటు పెడతారు, బంతి ఇటొస్తుంది. ఆగస్టులో భుజానికి తగిలింది చూడండి, జానెడు పైకొచ్చుంటే కంట్లో పడేది. ఆ బంతి విసిరింది నేను."

"అది నేను చూసుకోలేదు, అంతే."

"మీరు చూసుకోలేదు. నేను చూశా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచీ మీకు పట్టుకోవడానికి వీలుగా మెల్లగా విసిరా. అసలు మొదట్నుంచీ మీకైతే కాస్త చూసే విసిరేదాన్ని, ఎంతైనా మొగుడు కదా అని. ఆగస్టు తర్వాత మరీ తగ్గించేశా. బంతి వచ్చేలోపు కొట్టినవాళ్లు బేస్ చేరిపోయేవారు. అందరి ముందూ మీరు నన్ను తిట్టారు, చేతిలో సత్తువ లేదు, అన్నం తినలేదా అని. తిట్టనీలే అనుకున్నా. కానీ ఇంకో ఎండాకాలం నా వల్ల కాదండీ. బంతి చేతిలోకి వచ్చినప్పుడల్లా నాకు భయం."

వెనక కారువాడు హారన్ కొట్టాడు. పచ్చ లైట్ ఎప్పుడు పడిందో చూడనే లేదు. కారు ముందుకు పోనిచ్చాను గాని ఎటు పోతున్నానో తెలియలేదు. సీజన్ అంతా ఆమెని ఎన్నిసార్లు ఎన్ని మాటలన్నానో, ఒక్కొక్కటే గుర్తొస్తుంటే నిలువునా నీరైపోయాను. ఆ సిగ్గు మీద మళ్లీ కోపం వచ్చింది. చెప్పి ఉండొచ్చుగా అనిపించింది. చెబితే వినేవాణ్నా అని కూడా అనిపించింది.

మార్చిలో కళ్ల డాక్టరు చూసి కుడి కంట్లో శుక్లం మొదలైందన్నాడు. ఆపరేషన్‌కి వెయిటింగ్ ఉంది, భయపడాల్సిందేమీ లేదన్నాడు. మా ఆవిడ అక్కడే ఉంది. నేను చెప్పలేదా అన్న చూపు చూస్తుందేమో అనుకున్నాను, చూడలేదు. డాక్టరు చెప్పిన చుక్కల మందు పేరు ఫోన్‌లో రాసుకుంది.

మేలో మొదటి ఆటకి వెళ్లకూడదనే అనుకున్నాను. ఇంట్లో కూర్చుంటే మరీ దిక్కుతోచలేదు, వెళ్లాను. కోచ్ జాకెట్టు వేసుకోలేదు. ఆటగాళ్ల బెంచీ మీద కాకుండా కంచె ఇవతల, చూసేవాళ్ల చెక్క మెట్ల మీద కూర్చున్నాను. నా చోటులో వరంగల్ అమ్మాయి కాళ్లు అటూ ఇటూ మార్చుకుంటూ నిలబడింది. అబద్ధమెందుకు, ఆ పిల్ల ఒక్క బంతి వదిలేస్తే బాగుండునని అనుకున్నాను.

అవతలి జట్టువాడు కొట్టిన బంతి నేల మీద ఎగిరెగిరి సెకండ్ బేస్ వైపు దూసుకొచ్చింది. మా ఆవిడ పక్కకి జరిగి, వంగి, గ్లవ్‌తో తీసింది. తీసిన ఊపులోనే తిరిగి విసిరింది. బంతి నాకు కనబడలేదు. ఇది నా కన్ను తప్పు కాదు, పక్కనున్నవాళ్లూ తల తిప్పేలోపే అది వెళ్లిపోయింది. ఆ అమ్మాయి గ్లవ్‌లో ఠపీమని మోగింది. పరిగెత్తేవాడు ఇంకా సగం దారిలో ఉన్నాడు.

ఆమె భుజం ఒకసారి తిప్పుకుని, తర్వాతి బంతి కోసం మళ్లీ వంగి నిలబడింది. నేను ఎప్పుడు లేచానో తెలియదు, నిలబడి ఉన్నాను. అంత బలమైన చెయ్యితో ఇన్నేళ్లూ కాపురం చేశాను. అది ఒక్కసారి కూడా నా వైపు పూర్తిగా విసరలేదని అప్పుడు తెలిసింది. వెనక వరసలో ఎవరో కనబడటం లేదు కూర్చోండి అంటే కూర్చున్నాను.