డాక్టరమ్మ ముందు పెట్టిన గ్లాసు

ఇలా నా పక్కకి జరిగి కూర్చోండమ్మా. నేను పడ్డది మీరు పడకూడదని చెబుతున్నాను.

మాది దివిసీమలో సముద్రం పక్క ఊరు. తొంభైల్లో మాట. మా ఆయన వేట నుంచి వచ్చాడంటే ఆయన నవ్వు వీధి మొదట్లోనే వినపడేది. వాకిట్లో ఎండుచేపల వాసన, ఆ నవ్వు, అదే మా ఇల్లు.

ఒకరోజు పొద్దున్నే వల భుజానికెత్తుకోబోయి కూలబడ్డాడు. చూస్తే కళ్లు పచ్చగా ఉన్నాయి. కామెర్లని పసరు పోయించాం. పసుపు తగ్గింది.

"చూశావా, నాకేం కాలేదే!" అని మళ్లీ సారా గ్లాసెత్తాడు.

రెండు నెలలకి కాళ్లు వాచి, పొట్ట కుండలా ఉబ్బింది. బందరు ఆస్పత్రిలో చేర్చాం.

"సారా తాగుతాడా?" అని డాక్టరమ్మగారు అడిగారు.

"ఎప్పుడైనా, పండక్కండీ" అన్నాను. మొగుడి పరువు బయట పెట్టకూడదని మా అమ్మ నేర్పిన బుద్ధి.

మూడో రోజు ఆయన చేతులు వణికాయి. ఒళ్లంతా చెమట. మంచం మీద కూర్చుని, లేని వలని లాగుతున్నాడు.

"తాడు పట్టుకోవే, పడవ పోతోంది!"

"ఇక్కడ పడవ లేదు మావా, నేనున్నాను" అంటే నన్ను పోల్చుకోలేదు. డాక్టరమ్మగారి కాళ్ల దగ్గర కూర్చుని, "రోజూ తాగుతాడండీ, ఒక్క గ్లాసే" అన్నాను.

"ఏ గ్లాసమ్మా?"

ఇంటి నుంచి తెప్పించాను. మా పెళ్లికి పెట్టిన స్టీలు గ్లాసు. ఆవిడ అందులో నీళ్లు పోసి కొలిచారు.

"దీన్ని గ్లాసంటారా? చెంబనండి! రోజూ తాగేవాడికి సారా ఒక్కసారిగా ఆగిపోతే ఇలాగే అవుతుంది, ముందే చెబితే ఈ వణుకు రాకుండా ఇంజక్షన్లు ఇచ్చేవాళ్లం కదమ్మా."

తర్వాత లివర్‌కి ఎల్‌ఎఫ్‌టీ అని రక్తపరీక్ష, స్కాన్, గొంతులోంచి గొట్టం వేసి ఎండోస్కోపీ. "సిరోసిస్, లివర్ గట్టిపడిపోయింది. పాడైంది పాడైందే, మిగిలిన లివర్‌ని కాపాడుకోవాలి. సారా చుక్క ముట్టకూడదు, ఉప్పు బాగా తగ్గించాలి, నీళ్లు కూడా కొలతగా తాగాలి" అన్నారు.

అప్పటికి తెలివొచ్చిన మా ఆయన, "సముద్రం మీద బతికేవాణ్ణి, ఉప్పు లేకుండా ఎలా బతకనండీ?" అన్నాడు.

"బతకాలనే చెబుతున్నానయ్యా."

ఏడాది తిరిగాక ఒక్కసారి జారి మళ్లీ తాగాడు. రక్తం కక్కుకుని మళ్లీ అదే వార్డు. ఆ తర్వాత ముట్టలేదు.

ఇప్పుడు వేటకెళ్లడు, అరుగు మీద వలలు బాగుచేస్తాడు. ఉప్పు కదా, ఎండుచేప ఇంట్లో వండను. పక్కింటి నుంచి వాసనొస్తే ఇద్దరం ఊరికే పీల్చుకుని పాత రోజులు చెప్పుకుంటాం. ఆ గ్లాసుతోనే ఆయనకి మంచినీళ్లు కొలిచి ఇస్తున్నాను.

మీ ఇంట్లో ఎవరైనా తాగుతుంటే మీ అంతట మీరు ఉన్నపళంగా మాన్పించకండి. ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఆ గ్లాసు కూడా పట్టుకెళ్లండి. పరువుకి పోయి దాచకండి.

మీ గుమ్మంలోకొచ్చే వాళ్ల కళ్లు తెల్లగా, నవ్వు నిండుగా ఉండాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలమ్మా.