కారుతున్న రాయి మీదికి

వాన ఆగింది కదా, ఇంకా ఎందుకు భయం అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాన ఆగడం వేరు, రాయి ఆరడం వేరు. ఆ తేడా తెలియని మనిషి కొండ కింద నిలబడి ఇంకొకరిని పైకి పంపకూడదు. తెలిసీ పంపేవాణ్ణి ఏమనాలో నాకు ఇంకా మాట దొరకలేదు.

నేను ఒడిశా బరంపురంలో ఒక బళ్లో ఆటల టీచర్ని. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కొండలెక్కే పిచ్చి నాకు కాలేజీలో ఉండగా పట్టుకుంది. రంభ ఊరి వెనకా, పురుషోత్తంపూర్ దారిలోనూ ఉన్నవి గట్టి రాతి కొండలు. పొద్దున వాన పడినా, గట్టిగా ఎండ కాస్తే మధ్యాహ్నానికి ఆరిపోతాయి. ఎక్కడం వాటి మీదే నేర్చుకున్నాను. కానీ ఒక్కసారి సున్నపురాయి ఎక్కాక ఇవి చప్పగా అనిపిస్తాయి. సున్నపురాయిని నీళ్లు ఏళ్ల తరబడి తొలిచి, సరిగ్గా వేళ్లు దూరేటంత బొక్కలు చేసి పెడతాయి. ఒక బొక్క నుంచి ఇంకో బొక్కకి చెయ్యి చాపుతూ పైకి పోతుంటే కొండే మనకి చెయ్యి అందిస్తున్నట్టుంటుంది. అలాంటి గోడ మా జిల్లాలో లేదు. కోరాపుట్ వైపు అడవిలో ఒకటుంది. బస్సులో ఒక పగలంతా పడుతుంది.

దానితో చిక్కంతా నీళ్లే. వాన వెలిశాక కూడా ఆ రాయి లోపల దాచుకున్న నీటిని వారాల తరబడి కక్కుతూనే ఉంటుంది. అప్పుడు దాని మీద కాలు పెడితే సబ్బు మీద పెట్టినట్టే. ఎక్కడానికి దీపావళి నుంచి శివరాత్రి దాకా ఉంటుంది మాకు సమయం. ఆ తర్వాత రాయి పెనంలా కాలుతుంది, పైన తేనెపట్లు పడతాయి. ఈ మధ్య ఆ కాస్త కాలాన్నీ అల్పపీడనాలు మింగేస్తున్నాయి. ఒకటి తీరం దాటిందనుకునేలోపు బంగాళాఖాతంలో ఇంకొకటి పుడుతుంది.

నాతో కలిసి ఎక్కేది నా స్నేహితురాలు. పొడంపేటలో చేపల వేటకెళ్లే ఇంటి పిల్ల, బరంపురంలో ఒక ఆసుపత్రిలో నర్సు. నాకు బడి సెలవులున్నాయి, తనకి అలా కాదు. పండగల్లో తోటివాళ్ల డ్యూటీలన్నీ తను చేసి, బదులుగా చలికాలంలో ఒక్క వారం సంపాదించుకునేది. ఆ ఏడు ఆ వారం సరిగ్గా పెద్ద వానల వెనకే వచ్చింది.

"ఏటే, ఎల్తన్నామా నేదా?" అని ఫోన్ చేసింది.

"రాయి ఆరదే. ఇంకో పది పదిహేను రోజులు ఆగాలి."

"రాయికేం, అది ఎన్నాళ్లైనా ఆగుతాది. నా సెలవు ఆగదు గదా."

మాకు అప్పట్లో సొంత తాడు లేదు. ఊళ్లో సాహస యాత్రలు నడిపే ఒకాయన ఉండేవాడు. తాడూ ఆయనదే, జీపులూ ఆయనవే, గోడకి తాడు తగిలించే బోల్టులు కొట్టించిందీ ఆయనే. ఆ వారం భువనేశ్వర్ నుంచి వచ్చే వాళ్లతో పెద్ద క్యాంపు పెట్టుకున్నాడు. వాయిదా వెయ్యమని నేను ముందే అడిగాను. జనం టికెట్లు తీసేసుకున్నారు మేడమ్, అన్నాడు.

చివరికి మేమూ ఆ క్యాంపుతోనే వెళ్లాం. ఆ రోజు ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది. దూరం నుంచి గోడ తెల్లగా, పొడిగా కనిపించింది. దగ్గరికెళ్లి ఒక బొక్కలో వేలు పెట్టాను. లోపల చల్లటి బురదనీళ్లు. పక్క బొక్కలోనూ అంతే. వేలు ఆయనకి చూపించాను.

"సార్, లోపల్నించి నీరు కారతంది. ఇయ్యాల ఒద్దు."

"వాన ఆగి ఎన్నాళ్లయిపోనాది మేడమ్! ఎండ సూడండి ఎలా కాస్తందో. బయటంతా పొడే గదా."

"బయట పట్టుకోం గదా సార్. పట్టుకునేది లోపలే."

ఆయన అతిథుల వైపు తిరిగి నవ్వాడు. "టీచరమ్మ గదా, ఎక్కడికొచ్చినా రూల్సే" అన్నాడు. వాళ్లూ నవ్వారు.

ఈలోపు నా స్నేహితురాలు బూట్లు బిగించేసుకుంది. వద్దని గట్టిగా చెప్పాను. వినలేదు. "కొంచెం ఎక్కి సూస్తాను. బాగోకపోతే దిగిపోతాను. ఏడాదంతా దీనికోసమే గదే సచ్చినాను" అంది. పోనీ, జారితే ఆపేలా కింద తాడు నేను పట్టుకుంటానన్నాను. అదీ కుదరదన్నాడు ఆయన. తన తాడు తన మనుషులే పట్టాలట. ఆ పూట తనే పట్టాడు. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో ఫోను. వీడియో కావాలి కదా మరి!

మొదట బాగానే ఎక్కింది. గోడ ముందుకి ఉబ్బి ఉన్న చోటికి వెళ్లేసరికి ఆమె జారకుండా చేతులకి రాసుకున్న సుద్ద పొడి ముద్దలా అయిపోయింది. ఒక చెయ్యి తీసి లాగుకి తుడుచుకోవడం, మళ్లీ పెట్టడం, మళ్లీ తియ్యడం. "తాడు బిగించండి!" అని అరిచింది. ఆయన ఫోను పైకెత్తి, "ఒక్కసారి ఇటు తిరిగి నవ్వమ్మా" అంటున్నాడు. నేను ఆయన వైపు పరిగెత్తాను. నేను చేరేలోపే ఆమె పడింది. వదులుగా ఉన్న తాడు బిగుసుకునేసరికే ఆమె కాలు కిందున్న రాతి అంచుకి తగిలింది. ఆ చప్పుడు నేను మర్చిపోలేదు.

కిందికి దింపాక అందరూ మీద పడ్డారు. ఆమే అరిచింది, "ఎవురూ ముట్టుకోకండి! ముందు రెండు కర్రలు తెండి, కట్టడానికి సున్నీ తెండి" అని. తన కాలికి కట్టు ఎలా కట్టాలో తనే పళ్లు బిగపట్టుకుని చెప్పింది. నేను కట్టాను. చీలమండ దగ్గర ఎముక విరిగింది.

బరంపురం వచ్చాక ఆయన ఆ వీడియో అందరికీ పంపాడు. కింద ఒక మాట కూడా రాశాడు: అనుభవం లేనివాళ్లు మొండిగా ఎక్కితే ఇలాగే అవుతుంది, అని. ఆసుపత్రి మంచం మీద పడుకుని ఆమె అది చదివింది. ఫోను నాకిచ్చి గోడ వైపు తిరిగింది. నేను అక్కణ్ణుంచి తిన్నగా ఆయన దుకాణానికెళ్లాను.

"ఏటి మేడమ్, కొండలెక్కితే దెబ్బలు తగలవా? వాన నా సేతుల్లో ఉందా?" అన్నాడు.

"వాన మీ సేతుల్లో నేదు. తాడు ఉంది గదా మీ సేతుల్లో!"

వీధంతా వినిపించేలా అరిచాను. పక్క దుకాణాల వాళ్లు బయటికొచ్చారు. ఆయన ముఖం మాడ్చుకుని ఆ వాక్యం తీసేశాడు. క్షమించమని మాత్రం ఆమెనీ అడగలేదు, నన్నూ అడగలేదు.

ఆమె చాలా నెలలు కర్రతో నడిచింది. ఆ చీలమండ ఇప్పటికీ పూర్తిగా వంగదు. మరుసటి ఏడు మళ్లీ అదే కథ. దీపావళి వెళ్లినా వాన వదల్లేదు, ఆయన మళ్లీ క్యాంపు ప్రకటించాడు. అది చూసి ఆమె ఫోన్ చేసింది.

"ఎల్దాం" అంది.

"ఎక్కడానికా?"

"కాదు."

అప్పటికి మేం సొంత తాడు కొనుక్కున్నాం. దాన్ని సంచిలో పెట్టుకుని ఆయన జీపుల కంటే ముందే గోడ కిందికి చేరాం. జనం దిగగానే ఆమె వాళ్ల ముందు నిలబడి ఒడియాలో చెప్పింది, "పథర ఓదా అఛి." రాయి తడిగా ఉంది. నమ్మకపోతే వేలు పెట్టి చూడమంది. ప్యాంటు కాలు పైకి లాగి ఆపరేషన్ మచ్చ చూపించింది, ఎలా వచ్చిందో చెప్పింది. ఆయన మధ్యలో వచ్చి కేకలేశాడు. ఆమె గొంతు పెంచలేదు, ఆపనూ లేదు. గుంపులో ఒక పెద్దావిడ ముందుకొచ్చి బొక్కలో వేలు పెట్టింది. వేలికంటిన బురద చూసి హెల్మెట్ విప్పి ఆయన చేతిలో పెట్టేసింది. ఆవిడ వెనక ఇంకొందరు విప్పారు.

అందరూ కాదు. మిగిలినవాళ్లు ఎక్కారు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రం జీపు ఎక్కుతూ ఆయన, "సూసినారా, ఏటీ కాలేదు" అని నవ్వాడు. ఎవరికీ దెబ్బ తగలకూడదనే నేనూ కోరుకున్నాను. అయినా ఒక రోజు తప్పించుకోవడం కూడా అలాంటివాళ్లకి సాక్ష్యమైపోతుంది.

మేం గోడ ఆరుతుందేమోనని దగ్గర పల్లెలో ఉండి రోజూ వెళ్లి చూశాం. ఆరలేదు. సెలవు అయిపోయింది. బస్సు ఘాట్ దిగుతుంటే అద్దాల మీద మళ్లీ చినుకులు పడ్డాయి. నేను వాననీ, సముద్రాన్నీ, ఆ మనిషినీ కలిపి పైకే తిట్టాను. ముందు సీట్లో వాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"మెల్లిగా తిట్టవే" అంది ఆమె, కాలు చాపుకుని చీలమండ నొక్కుకుంటూ. తర్వాత తను కూడా తిట్టింది, నాకంటే గట్టిగా.