హుస్సేన్ సాగర్ మీద బావగారి పడవ

మా ఆయన అన్నగారి ముందు నేను కూర్చునేదాన్ని కాదు. మాట్లాడడం అంతకన్నా లేదు. చిక్కడపల్లిలో మా ఇంటి పద్ధతి అది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, ఎందుకని నేనూ అడగలేదు. బావగారు గదిలోకి వస్తే కొంగు నెత్తి మీదికి లాక్కుని లేచి నిలబడేదాన్ని. మా ఆయనా లేచేవాడు, తమ్ముడు కాబట్టి. నాకేమైనా చెప్పాలంటే, నేను ఎదురుగా ఉన్నా సరే, బావగారు మా ఆయనతో చెప్పేవాడు. నా జవాబు మా ఆయన చెవిన వేస్తే, ఆయన దాన్ని అన్నకు అందించేవాడు. మా ఆయన ఇంట్లో లేని పూట బావగారు తలుపుతో మాట్లాడేవాడు. సాయంత్రం చుట్టాలొస్తున్నారని తలుపుకు చెప్పి వెళ్లిపోతే, నేను బియ్యం ఎక్కువ పోసేదాన్ని. ఇది చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. పని జరిగిపోయేది.

ఆ బావగారికి ఒక పడవ ఉండేది. ఆయన పనిచేసే ఆఫీసులో పెద్ద సాబు ఒకాయన హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవ నడిపేవాడట. బావగారు కుర్రతనంలో ఆయన వెంట పోయి తాళ్లు పట్టుకోవడం నేర్చాడు. సాబు బదిలీ అయి పోతూ పడవను ఈయనకే వదిలేశాడు. పడవ అంటే పెద్దదేమీ కాదు. నలుగురు కూర్చుంటే నిండిపోయేది. ఏటా ఎండాకాలంలో దాని అడుగున తారు పూసి, తెరచాప తెచ్చి మా దాబా మీద ఆరబెట్టేవాడు. మేము వడియాలు పెట్టుకునే చోటంతా ఆ బట్టే పరుచుకునేది. మా యారాలు, అంటే బావగారి భార్య, ఆ పడవను సవతి అనేది. ఆమె ఒక్కనాడూ అందులో కాలు పెట్టలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవల మూలంగా ఆఫీసులు సరిగా నడవలేదు. మగవాళ్లు ఇంట్లోనే ఉండి మా ప్రాణాలు తీసేవారు. శ్రావణంలో ఒకరోజు పొద్దున బావగారు చెరువుకు బయలుదేరుతుంటే, మా ఆయన తనూ వస్తానన్నాడు. వచ్చేవాడు ఊరుకోక, నన్ను కూడా తీసుకుపోదామన్నాడు. బావగారు గోడ వైపు తిరిగాడు. "చెప్పులు ఇడిసి ఎక్కాలెనని చెప్పు" అని తమ్ముడితో అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

అశోక్‌నగర్ మీదుగా కవాడిగూడ దాటి నడిచాం. బావగారు ముందు, మా ఆయన నడుమ, నేను వెనక. ట్యాంక్‌బండ్ మీద నుంచి ఆ చెరువును ఎన్నోసార్లు చూశాను. బస్సు కిటికీలోంచి చూస్తే అది ఒక పెద్ద పళ్లెంలాగా కనిపించేది. పడవలు కట్టే చోటు సికింద్రాబాద్ వైపు గట్టు కింద ఉంది. అక్కడికి దిగి నీళ్లకు సమానంగా నిలబడేసరికి అవతలి ఒడ్డు కనిపించలేదు. మబ్బు నీళ్ల దాకా దిగి ఉంది. నీళ్లలో కాలు పెడితే మోకాలి దాకా జివ్వుమంది. వారం రోజులుగా కురిసిన వాన చల్లదనమంతా అందులోనే ఉంది.

పడవ ఎక్కాక బావగారు వెనక, చుక్కాని దగ్గర కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. ఆయన ఎదురుగా నేనెలా కూర్చుంటాను? పడవ అటూ ఇటూ ఊగుతోంది. బావగారు మా ఆయనతో, "కూసోమను. ఇది ఇల్లు గాదు" అన్నాడు. మా ఆయన నా వైపు తిరిగి కూర్చోమన్నాడు. బల్ల మీద కూర్చోవడానికి మనసొప్పక, అడుగున చెక్క మీద, బావగారికి పక్కవాటుగా, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. బావగారు తమ్ముడికి ఇంకో మాట కూడా చెప్పాడు: తెరచాప కింద అడ్డంగా ఉండే కర్ర గాలి మారినప్పుడల్లా ఈ పక్క నుంచి ఆ పక్కకు వస్తుంది, తల వంచుకోవాలి, ఎట్టి పరిస్థితిలోనూ లేవకూడదు. మా ఆయన సరేనన్నాడు.

గాలి ఖైరతాబాద్ వైపు నుంచి వస్తోంది. గాలికి ఎదురుగా పడవ తిన్నగా పోదట. అందుకని బావగారు దాన్ని కాసేపు కుడికి, కాసేపు ఎడమకు వాలుగా నడుపుతూ ముందుకు తీసుకుపోయాడు. ఇంజను లేదు, తెడ్డు లేదు. ఒక బట్ట, ఒక తాడు. ఆ తాడు కొంచెం బిగిస్తే పడవ ఒక పక్కకు ఒరిగి పరుగెత్తేది. అడుగున కూర్చున్న నాకు చెక్క కింద నీళ్లు గలగలమంటూ పోవడం తొడలకు తెలిసేది. ఇంట్లో ఎప్పుడూ కనుబొమలు ముడుచుకుని ఉండే మనిషి, ఇక్కడ నోరు కొంచెం తెరిచి, బట్ట అంచు వైపే చూస్తూ, పసిపిల్లవాడిలాగా ఉన్నాడు. నేను ఓరగా చూసి తల తిప్పుకున్నాను.

నేను అక్షరాలు దిద్దుకున్నది నలభై దాటాక. చెరువును వర్ణించే పుస్తకాల మాటలు నాకు రావు. చూసింది చెబుతాను. నడిమధ్యకు వచ్చేసరికి ఊరు లేదు. నౌబత్ పహాడ్ గుట్ట ఒక్కటి నల్లగా నిలబడి ఉంది. బస్సుల చప్పుడు లేదు. ఇంత పెద్ద నీళ్లకు పక్కనే పుట్టి పెరిగి, పొయ్యి ముందు కూర్చుని, దీన్ని నేను పళ్లెం అనుకున్నానా అని భయమేసింది. భయమంటే పారిపోవాలనిపించే భయం కాదు. నోరు పెగలని భయం.

అప్పుడు పడమటి వైపు నీళ్ల రంగు మారింది. బూడిద రంగు నీళ్ల మీద సిరా ఒలికినట్టు ఒక నల్లటి మరక మా వైపు పరుగెత్తుకొస్తోంది. దాని వెనకాల వాన, తెల్లటి గోడలాగా నిలువునా నడిచి వస్తోంది. వాన ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడవడం నేను అంతవరకు చూడలేదు. ఇంట్లో ఉంటే అది నెత్తిన పడేదే గాని వచ్చేది కాదు. నేను చూస్తుండగానే గాలి కొట్టింది. పడవ ఒక పక్కకు పూర్తిగా ఒరిగింది. బావగారు తాడు వదిలేశాడు, తెరచాప దించబోతే అది సగం దిగి పైన ఎక్కడో ఇరుక్కుంది. దాన్ని లాగడానికి ఆయన లేచి నిలబడ్డాడు.

అన్న లేచాడని తమ్ముడూ లేచాడు.

ఆలోచించి లేవలేదు. పుట్టినప్పటి నుంచి అలవాటు, కాళ్లే లేచాయి. అడ్డకర్ర గిర్రున తిరిగి వచ్చి మా ఆయన భుజానికి తగిలింది. నా పక్కనున్న బల్ల ఖాళీ అయింది.

మా ఆయనకు ఈత వచ్చు. కాని బావిలో నేర్చుకున్న ఈత. బావిలో నాలుగు బారలు వేస్తే ఏదో ఒక గోడ దొరుకుతుంది. ఇక్కడ గోడ లేదు. ఒంటి మీద ప్యాంటూ కోటూ, నీళ్లు మంచులా ఉన్నాయి. పడవ ఆగదు, గాలి దాన్ని తోసుకుపోతోంది. బావగారు ఒక చేత్తో చుక్కాని, ఒక చేత్తో తాడు పట్టుకుని, ముఖం మీద కొట్టుకుంటున్న తడి తెరచాపలోంచి, "ఏడున్నడు?" అని అరిచాడు.

నేను చెయ్యి చాపి చూపించాను. నా వేలు తిన్నగా మా ఆయన తల వైపే ఉంది. తెరచాప అడ్డం ఉండి నా చెయ్యి ఎటు చూపిస్తోందో బావగారికి కనిపించదు. "ఏడున్నడు?" అని మళ్లీ అరిచాడు. నేను మళ్లీ చెయ్యే చూపించాను. నాకు నోరు పెగల్లేదు. ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆయనకు నేనొక్క మాట చెప్పినదాన్ని కాదు. మా ఇద్దరి నడుమ మాట మోసే మనిషే నీళ్లలో ఉన్నాడు.

"చెయ్యి కాదమ్మా, నోరు తెరువు," అన్నాడు బావగారు. నాతో అన్నాడు. తలుపుతో కాదు.

"ఎనక, బావా. కుడిచేతి దిక్కు," అన్నాను.

"కన్ను తియ్యకు. నేను పడవ తిప్పుత. నువ్వు సూసుకుంట చెప్తనే ఉండు. ఆపకు."

వాన మా మీద పడింది. నీళ్లూ ఆకాశమూ ఒకటే అయిపోయాయి. అలలు పడవ అంచు ఎత్తున లేస్తున్నాయి. ఆ అలల నడుమ మా ఆయన తల టెంకాయంత కనిపించేది, మరుక్షణం కనిపించేది కాదు. కొంగు ఎప్పుడు జారిందో తెలియదు. నేను చెబుతూనే ఉన్నాను. ఉన్నడు. ఉన్నడు. కనవడ్తలేడు. ఉన్నడు, బావా, జర ఎడమకు. కనవడ్తలేడు. ఉన్నడు. అన్నాళ్లూ చెప్పని మాటలన్నీ కలిపి ఆ ఒక్క మాటగా వచ్చినట్టు, గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. ఒకసారి చాలాసేపు కనిపించలేదు. అప్పుడు కూడా కన్ను తీయలేదు. ఏమీ లేని నీళ్లనే చూస్తుంటే, ఆ నీళ్లు ఎంత పెద్దవో, ఎంతగా ఎవరినీ ఎరగనివో, అప్పుడు తెలిసింది. ఆ చెరువుకు మా మీద కోపం లేదు. మేమున్నామనే దానికి తెలియదు. తర్వాత ఒక చెయ్యి లేచింది.

బావగారు పడవను మా ఆయన అవతలి నుంచి చుట్టు తిప్పి తెచ్చి, గాలికి ఎదురు పెట్టి ఆపాడు. అంత గాలిలో, బజారులో సైకిల్ ఆపినంత నెమ్మదిగా ఆపాడు. తమ్ముడి కోటు పట్టుకుని, నాతో, "నువ్వు గా పక్కకు వోయి బరువెయ్యి. ఎనక్కి ఒరుగు," అన్నాడు. లేకపోతే పడవ బోర్లా పడుతుంది. నేను బల్ల ఎక్కి, అంచు మీద కూర్చుని, కాళ్లు బల్ల కింద ఇరికించి, వెనక్కి నీళ్ల మీదికి వాలాను. నా జడ చెరువులో తడిసింది. పైన ఆకాశం లేదు, వానే ఉంది. దాని పొడుగంతా కింది నుంచి చూశాను. నా వెన్ను కింద ఒక చెరువు, మొహం మీద ఒక చెరువు. చచ్చిపోతానేమో అనుకున్నాను. అయినా కళ్లు మూయబుద్ధి కాలేదు.

మా ఆయన చేపలాగా దొర్లి లోపల పడ్డాడు. నీళ్లు కక్కాడు. కళ్లు తెరిచి మొదట అన్నను చూశాడు.

"నేను లేస్తె నువ్వెందుకు లేసినవ్‌రా?" అన్నాడు బావగారు.

"తప్పయింది అన్నా," అని, పడుకున్నవాడు లేవబోయాడు. ఇద్దరం కలిసి అదిమి పడుకోబెట్టాం.

ఆ గాలివాన వచ్చినట్టే పోయింది. కాసేపటికి మబ్బు చీలి ఎండ పడింది. చెరువు అద్దంలా నిలిచిపోయింది. ఇప్పుడు ఆకు కదిలేంత గాలి కూడా లేదు, తెరచాప తడిగుడ్డలా వేలాడుతోంది. మా ఆయన పెదవులు నీలంగా ఉన్నాయి, ఒళ్లంతా వణుకుతోంది. బావగారు తన అంగీ విప్పి పిండి ఆయనకు కప్పాడు. గాలి కోసం కూర్చుంటే లాభం లేదు, వాణ్ణి తొందరగా వేడి దగ్గరికి చేర్చాలె అన్నాడు. అడుగున ఉన్న రెండు పలకలు ఊడదీసి ఒకటి నా చేతికిచ్చాడు. నువ్వా పక్క, నేనీ పక్క అన్నాడు.

ఒక బల్ల మీద ఇద్దరం కూర్చుని తోశాం. నేను గట్టిగా తోస్తే పడవ ఆయన వైపు తిరిగేది. "మెల్లగ, నాతోని కలుపు," అనేవాడు. కలిపాను. ఎప్పుడైనా ఇంత గాలి ఇట్ల చెప్పకుండా వస్తుందా అని అడిగాను. ఇన్నేండ్లు తిరిగినా దీని సంగతి నాకు తెలువదమ్మా, తెలుసుననుకున్న రోజు రావద్దు దీని మీదికి, అన్నాడు. మా ఆయన అడుగున పడుకుని అన్న వైపొకసారి నా వైపొకసారి చూస్తున్నాడు. చెప్పడానికి ఎవరికీ ఆయన అవసరం రాలేదు.

నీళ్ల మీద ఎండ పడి ఆవిరి లేస్తోంది. ఎవరో ఊరిని కడిగి దూరంగా పెట్టినట్టు మేడలు, గుడి గోపురం, మసీదు మినార్ సన్నగా కనిపిస్తున్నాయి. ఇందాక మనిషిని మింగబోయిన చోటు ఏదో వెనక్కి తిరిగి వెతికాను. అంతా ఒకేలా ఉంది. గుర్తు లేదు, గీత లేదు. తోస్తున్న చేతులు ఆగిపోయాయి. గట్టు దగ్గరవుతున్న కొద్దీ నాకు గట్టు మీద కోపం వచ్చింది. ఇంకాసేపు ఉండాలనిపించింది.

మా ఆయన పళ్లు టకటకమని కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. మళ్లీ పలక ముంచాను.