స్టవ్ బంద్ చేసి రాండ్రి

పీటీ మేడం పోయింది. లాక్‌డౌన్ నాటి ఎక్సర్‌సైజు గ్రూపు ఒకటి నా ఫోన్లో అడుగున ఎక్కడో పడి ఉంది. చాలాకాలంగా అందులో పండగ బొమ్మలు తప్ప ఏమీ రావు. ఆవేళ పొద్దున ఆవిడ భర్త అందులోనే పెట్టారు, గుండెపోటు వచ్చిందని, దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందని. దాని కింద వరసగా దండాలు. ఆ దండాల మధ్య ఒకాయన రాశాడు: "రోజూ ఎక్సర్‌సైజ్ చేసే మనిషికే ఇట్లయితే, ఇగ మనం చేసి ఏం లాభం?" దానికి బోలెడుమంది బొటనవేలు ఎత్తారు.

ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. ఇది రాస్తున్నది కూడా దానితోనే.

ఆవిడది నల్లగొండ వైపు పల్లె. మా అమ్మాయి చదివిన ప్రైవేటు స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పేది. కరోనాలో పాఠాలు ఫోన్లోకి ఎక్కగానే, ఫోన్లో ఖోఖో ఎలా ఆడిస్తాం అని స్కూలువాళ్ళు ఆవిడను ఇంక రావద్దన్నారు. ఇంట్లో కూర్చున్న మనిషిని మళ్ళీ ఇంటికి పంపడం ఏమిటో అప్పుడే చూశాను. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. పిల్లల తల్లులందరికీ ఫోన్లు చేసింది. రోజూ పొద్దున అరగంట వీడియోలో క్లాసు చెప్తానంది, కానీ ఒక షరతు పెట్టింది.

"పిల్లల్నొక్కల్నే నిలబెడితే కాదక్కా. అమ్మ, నాయిన, అవ్వ, తాత, అందరు కనపడాలె. ఒక్కలు చేస్తే రెండు దినాలకు మానేస్తరు. ఇంటిల్లిపాది చేస్తే ఒకల్ని చూసి ఒకలు సిగ్గుకన్న చేస్తరు."

అలా మొదలైంది. కొత్తపేటలో మా ఫ్లాటు హాల్లో టీపాయ్ గోడకు జరిపి, ఫోను బియ్యం డబ్బాకి ఆనించి, వరసగా నిలబడేవాళ్ళం. మొదటిరోజు మావారు లుంగీతో వచ్చి ఠీవిగా నిలబడ్డారు. "సార్, లుంగీతోని గుంజీలు తీస్తే మీరూ పరేషాన్, చూసేటోళ్ళూ పరేషాన్. ప్యాంటు ఏస్కోని రాండ్రి" అంది. అన్ని ఇళ్ళవాళ్ళూ నవ్వారు. మేము గెంతుతుంటే కింద ఫ్లాటువాళ్ళు ఫోన్ చేసి తిట్టారని చెబితే మర్నాటికల్లా గెంతులు మార్చేసింది. "పిల్లి లెక్క దుంకాలె. కిందోళ్ళకు మనం ఇంట్ల ఉన్నమనే తెల్వొద్దు" అనేది.

అసలు చెప్పవలసింది మా అత్తగారి గురించి. ఆవిడ గుంటూరు మనిషి, మాట కరుకు, మోకాళ్ళు అరిగిపోయాయి. కుర్చీలో కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యి ఇస్తేగాని లేవలేకపోయేవారు. బాత్రూంకి వెళ్ళాలన్నా "అమ్మాయ్" అని నన్ను పిలవాలి. ఆ పిలుపులో ఎంత సిగ్గు ఉండేదో నాకు తెలుసు. క్లాసంటే "ఈ వయసులో నాకు కుప్పిగంతులేమిటే, నవ్విపోతారు" అన్నారు. ఆ మాట ఫోన్లో పీటీ మేడం వినేసింది.

"దుంకొద్దు పెద్దమ్మా. కుర్చి తెచ్చుకో. చేతులు రెండు గుండెల మీద కట్టుకో. కట్టుకొని లెవ్వు, మళ్ళ కూసో. గంతే. కుర్చిలకెల్లి నీ అంతల నువ్వు లేస్తే, బాత్రూంకు పోనీకి ఎవ్వల్ని పిలిచే పనుండది."

ఆ చివరి మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మా అత్తగారు అప్పటికప్పుడు కుర్చీ తెప్పించుకున్నారు.

అంతా బాగానే సాగుతూ, మా అత్తగారు తనంత తానే లేవడం మొదలుపెట్టాక, ఒకరోజు క్లాసు మధ్యలో పీటీ మేడంకి దగ్గు వచ్చింది. బడంగ్‌పేట్‌లో వాళ్ళ కిరాయి ఇల్లు చిన్నది, గదికీ వంటగదికీ మధ్య కర్టెనే అడ్డం. అవతల వాళ్ళమ్మ ఎండుమిరపకాయల పోపు వేసింది. ఆ ఘాటు గొంతుకు పట్టి, పాపం, కళ్ళనీళ్ళు కారేదాకా దగ్గింది. ఇటు చూస్తే ఫోన్లో ఒక్కొక్క ఇల్లూ మాయమైపోతోంది. మా అత్తగారైతే "కట్టెయ్యవే ఆ ఫోను, అంటుకుంటుంది!" అని కేకపెట్టి, తనే ఫోను లాక్కుని సోఫాలో బోర్లా పడేశారు. అది చాలక పైన శానిటైజర్ పూశారు.

ఫోన్లోంచి దగ్గు అంటుకుంటుందని పారిపోయిన మేధావులం. తలుచుకుంటే నవ్వు రావాలి. రావడం లేదు.

మర్నాడు క్లాసులో మనుషులు పలచబడ్డారు. టెస్టు చేయించుకుని రిపోర్టు గ్రూపులో పెట్టమన్నారు కొందరు. పెట్టింది. ఏమీ లేదని తేలినా సగంమంది మళ్ళీ రాలేదు. మా అత్తగారు రెండురోజులు బిగదీసుకుని కూర్చుని, ఆ తర్వాత తనే కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి ఫోను ముందు వేసుకున్నారు. ఎక్కడికి పోయినవని పీటీ మేడం అడగలేదు. "పెద్దమ్మా, జర ముందుకు జరుగు, మోకాళ్ళు కనపడాలె" అంది, అంతే.

అప్పటినుంచి క్లాసులో మొదటి మాట ఒకటే: "అందరు స్టవ్ బంద్ చేసి రాండ్రి." వంటింటి ఆడవాళ్ళకు అది పండగలా ఉండేది. ఆ అరగంట కాఫీ అడిగేవాళ్ళు ఉండరు, కుక్కర్ కోసం పరుగు ఉండదు. నిజం చెప్పాలంటే నేను క్లాసుకు వెళ్ళిందే దానికోసం. మమ్మల్ని బంద్ చేయమన్న మనిషి తన ఇంట్లో స్టవ్ కూడా బంద్ చేయించేది. ఆ తర్వాత ఆవిడ మా ముందు ఒక్కసారి కూడా దగ్గలేదు. గొంతులో ఏదైనా పడితే "అందరు నీళ్ళు తాగుండ్రి" అని చెప్పి పక్కకు తప్పుకునేది. తిరిగి వచ్చేసరికి మొహం కందిపోయి ఉండేది. ఆ నీళ్ళు మాకోసం కాదని అర్థం కావడానికి నాకు చాలారోజులు పట్టింది.

లాక్‌డౌన్ ఎత్తేశాక ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అందరూ ఎవరి దారిన వాళ్ళు పోయారు. స్కూలు తెరిచారు, ఆవిడ జాగాలో ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నారు. పీటీ మేడం ఎల్బీనగర్‌లో అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో, స్కూటర్లు జరిపి, ఆడవాళ్ళకు క్లాసులు చెప్పుకుంటూ బతికింది. మా ఇంట్లో మాత్రం కుర్చీ అలవాటు పోలేదు. మా అత్తగారు రోజూ పొద్దున చేతులు గుండెల మీద కట్టుకుని లేచేవారు, కూర్చునేవారు. "అమ్మాయ్" అనే పిలుపు ఆగిపోయింది.

ఈమధ్య, పోవడానికి కొద్దిరోజుల ముందు, పీటీ మేడం రైతుబజార్ దగ్గర కనిపించింది. కూరల సంచీ పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. ఎండ లేదు, అయినా ఒళ్ళంతా చెమట. ఎడమ భుజం నొక్కుకుంటోంది.

"ఏమైంది మేడం?"

"గ్యాసక్కా. జర ఆగితే పోతది."

"గ్యాసుకి ఇంత చెమటేమిటి? పదండి, హాస్పిటల్‌కి వెళ్దాం. నేనూ వస్తాను."

"పోత, పోత. నువ్వయితే ఎవ్వలకు చెప్పకు. కోచ్‌కే పానం మంచిగ లేదంటే ఇగ క్లాసుకు ఎవరొస్తరు? ఒక్కసారి దగ్గితే ఏమైందో సూసిన గదా" అని నవ్వింది.

బతిమాలి ఆటో ఎక్కించి, హాస్పిటల్‌కి పొమ్మన్నాను. ఆటో ఇంటికే పోయిందని తర్వాత తెలిసింది.

పోయిందని తెలిసిన రోజు ఈ సంగతంతా మా అత్తగారికి చెప్పాను. ఆవేళ కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉండిపోయారు. కాసేపటికి "అమ్మాయ్" అన్నారు, చెయ్యి చాపి. ఎన్నాళ్ళకో విన్నాను ఆ పిలుపు. తెల్లారీ అదే, ఆ మర్నాడూ అదే. చెయ్యమని అడిగితే "ఇంకెందుకే? అంత చేసిన పిల్లే పోయింది" అన్నారు. గ్రూపులో బొటనవేళ్ళు ఎత్తినవాళ్ళ మాట మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

దినాలకు ఇద్దరం వెళ్ళాం. దారిలో స్కూలు గేటుకు పెద్ద ఫ్లెక్సీ. వీడియో క్లాసులో తీసిన ఫోటో పెద్దది చేసి, కింద 'మా ప్రియతమ వ్యాయామ ఉపాధ్యాయినికి అశ్రునివాళి' అని వేయించారు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. ఫోన్లో ఆటలేమిటని వద్దన్నవాళ్ళకు, ఆవిడ బొమ్మ కావలసి వస్తే ఆ ఫోన్లో బొమ్మే దిక్కయింది.

బడంగ్‌పేట్‌లో ఇంటిముందు షామియానా వేశారు. భోజనాల దగ్గర, మా క్లాసుకు వచ్చి మానేసిన ఒకావిడ పక్కావిడతో అంటోంది, "ఎక్సర్‌సైజ్ ఎక్కువైతే గుండె మీద పడ్తదంట. మనం అప్పుడే బంద్ చేసి మంచి పని చేసినం."

నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు విస్తరిలో చెయ్యి ఆపారు.

"ఆ పిల్ల ఎక్సర్‌సైజు చేసి పోలేదమ్మా. పోపు ఘాటుకి దగ్గితే మనం ఫోన్లు కట్టేసి పారిపోయాం. మీరూ కట్టేశారు, నేనూ కట్టేశాను. నొప్పి అంటే మళ్ళీ ఎక్కడ పారిపోతామోనని అది కూడా మింగేసింది. మనకి భయపడి పోయింది."

ఆ మాట అన్నావిడ విస్తరిలోకి తల దించుకుంది. వడ్డించేవాళ్ళు పప్పు తెచ్చారు, వద్దన్నాం.

మర్నాడు పొద్దున నేను వంటింట్లో ఉండగా హాల్లో కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. "స్టవ్ కట్టేసి రావే" అని అత్తగారి గొంతు. కట్టేసి వెళ్ళాను. ఆవిడ చేతులు గుండెల మీద కట్టుకుని ఉన్నారు. ఇన్నాళ్ళూ మానేశారు కదా, మోకాళ్ళు మొరాయించాయి. మొదటిసారి లేవలేకపోయారు. నేను చెయ్యి చాపితే వద్దన్నట్టు తల ఊపారు. అప్పుడే పక్క ఫ్లాటులోంచి పోపు ఘాటు గుప్పున వచ్చింది. అత్తగారికి దగ్గు తెర వచ్చింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకోలేదు, మొహం పక్కకు తిప్పుకోలేదు. ఇంటిల్లిపాదికీ వినబడేలా దగ్గుతూ, దగ్గుతూనే లేచి నిలబడ్డారు.