మేడం చిన్నదే తీసుకున్నారు

పోయిన వారం కడప నుంచి రైల్లో వస్తున్నాను. ఎదుటి సీట్లో ఒకామె సన్నటి పలక లాంటి ఈ-రీడరును ఒంటి చేత్తో పట్టుకుని పుస్తకం చదువుకుంటోంది. ఎండకు కిటికీ తలుపు సగం దించారు. బండి ఏదో చిన్న స్టేషన్లో ఆగి అంతా నిశ్శబ్దమైనప్పుడు, ఆమె బొటనవేలి కింద పేజీ తిప్పే మీట టిక్కుమంది. కాసేపటికి మళ్లీ టిక్కుమంది. నేను చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టేశాను. డయాలసిస్ వార్డులో, స్పిరిట్ వాసన మధ్య, మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఆ చప్పుడు విన్న ఉదయాలు గుర్తుకొచ్చాయి. ఆ మంచం మీద చదువుకుంటూ ఉండింది మా గ్రేసమ్మ మేడం.

ఆమె కడప కోర్టులో ముప్పై ఏళ్లకు పైగా వకీలుగా పనిచేశారు. వాళ్ల నాయనకు వానలు నమ్ముకున్న మూడెకరాల శనగచేను. ఆ ఇంటి నుంచి నల్లకోటు దాకా ఎట్లా వచ్చారో ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు పోయాక మరదలు శాంతమ్మతో కలిసి ఉండేవారు. నేను లా చదువు ముగించుకుని కోడుమూరు నుంచి వచ్చి, కడపలో తెలిసినవాళ్లెవరూ లేక, చర్చిలో మా పిన్ని రాయించిచ్చిన ఒక సిఫారసు ఉత్తరం పట్టుకుని ఆమె ఆఫీసు మెట్లెక్కాను. ఆమె ఆ ఉత్తరం చదవలేదు. ఒక పాత విక్రయ దస్తావేజు నా చేతికిచ్చి చదివి చెప్పమన్నారు. పది నిమిషాల్లో చదివి, ఎవరు ఎవరికి ఏం అమ్మారో గడగడా చెప్పాను.

"వెనకల ఏముండాది?" అన్నారు.

నేను కాగితం తిప్పి చూడనే లేదు. వెనక రిజిస్ట్రారు ముద్రల కింద, వెలిసిపోయిన సిరాతో ఒక కొట్టివేత, దాని పక్కన సంతకం ఉన్నాయి. అమ్మినదాంట్లో ఒక గది మినహాయించారు. తల దించుకుని నిలబడ్డాను. ఆమె కోప్పడలేదు. కుర్చీ చూపించి, రేపటి నుంచి తొమ్మిదింటికి రమ్మన్నారు.

కాగితాల విషయంలో ఆమెకు ఇంకో పట్టు ఉండేది. దావా వేసే ముందు దాన్ని కక్షిదారుకు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాలి. కోర్టులో మిగతావాళ్లు దీన్ని చూసి నవ్వేవాళ్లు. దస్తగిరి అని ఒక పెద్దాయన ఉండేవాడు. బండలు పరిచే పని చేసి చేసి మోకాళ్లు పోయినవాడు. ఆయన ఇంటి స్థలాన్ని పక్కవాళ్లు ఆక్రమించారు. దావా నేనే తయారుచేసి, రెండుసార్లు సరిచూసి, టైపు చేయించాను. మేడం ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. తనకు చదువు రాదని, మేడమ్మకు తెలియంది ఏముందని, సంతకం యాడ పెట్టాలో చూపిస్తే చాలని ఆయన మొహమాటపడ్డాడు.

"నీ కాగితం నువ్వు ఇనాల గదప్పా," అని ఆమె చదువుతూ పోయారు. స్థలం హద్దులు చెప్పే చోటికి వచ్చి, తూర్పున రస్తా అని చదవగానే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"తూర్పున రస్తా యాడుండాది మేడమ్మా? దక్షిణాన గదా ఉండేది."

రెండుసార్లు సరిచూసింది నేనే. ఆ తప్పు అట్లాగే పోయి ఉంటే ఆయన గోడ దాకా కాదు, గడప దాకా పోగొట్టుకునేవాడు. మేడం నా వైపు చూడకుండా, ఆ పేజీ మళ్లీ టైపు చేయించుకు రమ్మన్నారు. ఆ సాయంత్రం ఇంటికి నడిచిపోతూ నేను ఏడ్చిన సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

ఆ దావా నడుస్తుండగానే ఆమె మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారానికి మూడు రోజులు, పొద్దున నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. సూదులు గుచ్చిన ఎడమ చేయి కదల్చకూడదు. ఆమె ఫైళ్లు వార్డుకే తెప్పించుకున్నారు. కుడిచేత్తో కాగితం పట్టుకుంటే తిప్పేందుకు చెయ్యి లేదు. గుండెల మీద పెట్టుకుంటే జారి మంచం కిందికి పోయేవి. ఒకరోజు అసలు దస్తావేజే రక్తపు దూది పడేసే బుట్ట పక్కన దొరికింది. నర్సు నన్ను బయటికి పిలిచి, ఇంకోసారి కాగితాలు తెస్తే లోపలికి రానివ్వనని గట్టిగా చెప్పింది.

అప్పుడు మేడం నాతో ఒక జాబితా రాయించారు. ఒంటి చేత్తో పట్టుకునేటట్టు ఉండాలి. పేజీ తిప్పే మీట అంచున ఉండాలి, తెర మీద వేలితో గీకే పని ఉండకూడదు. ట్యూబులైటు కింద కళ్లకు కొట్టకూడదు. తెలుగు ఒత్తులు విడిపోకూడదు. పుస్తకాలూ తెరుచుకోవాలి, స్కాన్ చేసిన పాత దస్తావేజులూ తెరుచుకోవాలి. ఆ జాబితాతో నేను కడపలో నాలుగు దుకాణాలు తిరిగాను. అందరూ ట్యాబే చూపించారు. ఒకాయన అయితే, ముసలామెకు ఇంకేం కావాలమ్మా, సినిమాలు కూడా చూసుకుంటుంది అన్నాడు. చివరికి కర్నూలులో లెక్చరరుగా ఉన్న నా స్నేహితురాలు తన దగ్గరున్న రీడరు చూపించి, రెండు సైజులు తెప్పించుకుని, నచ్చనిది గడువులోగా వాపసు పంపమని సలహా ఇచ్చింది. చిన్నది ఆరంగుళాలు, పెద్దది పదంగుళాలు. రెండూ తెప్పించాను.

వార్డులో మేడం వాటిని సాక్షుల్ని అడిగినట్టు అడిగి చూశారు. చిన్నదాంట్లో మొదట తెరిచిన తెలుగు పుస్తకం నిండా ఒత్తులు అక్షరాలను వదిలి పక్కన నిలబడ్డాయి. ఇంటికి తీసుకుపోయి వేరే ఫాంటు ఎక్కించి తెచ్చాను. అప్పుడు అక్షరాలు కుదురుకున్నాయి. ఎంత పెద్దవి చేసినా పేజీలో చక్కగా సర్దుకున్నాయి. కానీ దస్తావేజు తెరిస్తే చీమల బారు. పెద్దవి చేస్తే పంక్తిలో సగమే కనబడుతుంది, మిగతా సగానికి పేజీని అటూ ఇటూ జరపాలి. పెద్దదాంట్లో దస్తావేజు ముద్రలతో సహా నిండుగా కనిపించింది. కాకపోతే బరువు. పావుగంటకే ఆమె మణికట్టు లాగింది.

నా మనసు మాత్రం పెద్దదాని మీదే ఉండింది. అది ఉంటే ఆమె ఫైళ్లు చూస్తారు. ఆమె చూస్తే నా తప్పులు దొరుకుతాయి. మంచానికి బిగించే స్టాండు కూడా వెల్డింగు షాపులో చేయించి పెట్టాను. వాపసు గడువు రేపు ముగుస్తుందనగా ఆమె చిన్నదాన్ని కుడిచేతిలో పట్టుకుని, పెద్దదాన్ని నా వైపు జరిపారు.

"ఇది పంపించేయి పాపా."

ఫైళ్లు ఎట్లా చదువుతారని అడిగాను.

"ఫైళ్లు నువ్వు సదువుతాండావు గదా. నేను శానా సదివినా, ఊరోళ్ల కాగితాలన్నీ సదివినా. ఇంక నాకు కతలు గావాల."

ఇంటికొచ్చి ఆ పెద్ద రీడరును పెట్టెలో సర్ది టేపు వేశాను. నన్ను నడిమధ్యలో వదిలేశారనిపించింది. మూడు రోజులు ఆసుపత్రికి పోలేదు, కోర్టు పని ఉందని శాంతమ్మతో చెప్పించాను. నాలుగో రోజు పోయాను. మేడం అన్ని కేసుల్లోనూ వాదించే అధికారం నాకిస్తూ నా పేరు మీద తయారుచేయించిన వకాల్తాలు దిండు కింద నుంచి తీసి ఇచ్చారు.

దస్తగిరి కేసులో చివరి వాదన నేనే ఒంటరిగా చేశాను. తీర్పు మా వైపు వచ్చిన రోజు కోర్టు నుంచి ఆటోలో నేరుగా వార్డుకు పరుగెత్తాను. తలుపు దగ్గరే ఆగిపోయాను. మేడం రీడరు పట్టుకుని తనలో తాను నవ్వుకుంటున్నారు. అన్నేళ్లలో ఆమె అట్లా మనసారా నవ్వడం నేను చూడలేదు. నన్ను చూసి కళ్లతోనే స్టూలు చూపించారు.

"ఉండు పాపా, ఈ పేజీ అయిపోనీ."

చేతిలో తీర్పు పట్టుకుని కూర్చున్నాను. ఆమె పేజీ పూర్తి చేశారు. ఆ తర్వాత ఇంకో పేజీ కూడా. అప్పుడు తలెత్తి, పెద్దాయనకు తీర్పు చదివి వినిపించావా అని అడిగారు. లేదన్నాను. ముందు ఆ పని చూసుకుని రమ్మన్నారు.

ఆ తర్వాత ఆమె ఏడాదిన్నర బతికారు. చివరి నెలల్లో మా మధ్య కోర్టు మాట రాలేదు. తాను చదివిన కథల్లోని మనుషుల గురించి, వాళ్లు మా వీధిలోనే ఉంటున్నట్టు చెప్పేవారు. ఒక వర్షపు పొద్దున వార్డుకు బయలుదేరే ముందే, ఇంట్లోనే పోయారు.

చాలాకాలం నేను ఒక మాట అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. నన్ను నా కాళ్ల మీద నిలబెట్టడానికే మేడం చిన్న రీడరు తీసుకున్నారని, తన పనిని త్యాగం చేశారని. ఏడాది తర్వాత సమాధి దగ్గర ప్రార్థన ముగిశాక శాంతమ్మతో కూడా అదే అన్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు వింతగా చూసింది.

"నీ కోసం కాదులేమ్మా. వదినకు చిన్నప్పట్నుంచి కతలంటే పిచ్చి. చేలో గట్టు మీద కూసోని సదువుతాంటే మా మామ పుస్తకం లాక్కోని కలుపు తీయను పంపేవాడంట. తర్వాత కాలేజీ, ఆ తర్వాత మీ కోర్టు. యాడ తీరింది ఆమెకు?"

ఆ మాటకు నేను చిన్నబుచ్చుకోవాల్సింది. అట్లా జరగలేదు. ఇన్నాళ్లూ ఆమె వదులుకున్నదాన్ని నేను మోస్తున్నాననుకున్నాను. ఆమె వదులుకోలేదు, తనకు కావాల్సింది అడిగి తీసుకున్నారు. అందరికీ అన్నీ చేసిపెట్టిన మనిషి, ఒక చేయి కదపకూడని స్థితిలో, తనకంటూ ఒకటి కోరుకున్నారని తెలిసి నాకు మనసు తేలికపడింది. ఆమె దగ్గర నేర్చుకున్న వకీలు పని నాకు త్వరగానే పట్టుబడింది. నాకంటూ ఒకటి కోరుకోవడం మాత్రం ఇప్పుడిప్పుడే వస్తోంది. ఈసారి వేసవి సెలవులకు కోర్టు మూసినప్పుడు, ఇన్నేళ్లలో మొదటిసారి, నేను ఒక్క ఫైలు కూడా ఇంటికి తీసుకుపోలేదు.