మొదటి వరుస

రాజమండ్రి కాలేజీ లెక్చరర్లలో ‘టెంప్లేటు దుర్గ’ అంటే తెలియనివాళ్ళు తక్కువ. కొత్తగా విన్నవాళ్ళు ఎవరో అమ్మవారి పేరనుకుంటారు గానీ, ఆవిడ మనిషే. ధవళేశ్వరం మత్స్యకారుల పేటలో చినబాబు, రత్తమ్మల పెద్ద కూతురు వీరదుర్గ. పరిశోధన పత్రికలకు వ్యాసాలు పంపేవాళ్ళుంటారు కదా, ఆ వ్యాసాన్ని పత్రికవాళ్ళు అడిగిన కొలతలకు తగ్గట్టు కంప్యూటర్లో తీర్చి ఇవ్వడం ఆమె పని. వ్యాసం రాసినవాళ్ళకు పేరొస్తుంది, అచ్చేసినవాళ్ళకు పేరొస్తుంది. మధ్యలో మార్జిన్లు సరిచేసిన మనిషిని తలచుకున్న పాపాన ఎవరూ పోరు. ఇక్కడైనా తలచుకుందాం.

ఇంటర్ ప్యాసై, టైపు లోయర్ పూర్తిచేసి, రెండువేల ఒకటిలో దుర్గ సాంబశివరాజు గారి డీటీపీ షాపులో చేరింది. చేరింది టైపు కోసమే అయినా నిలబెట్టింది జిరాక్సు మిషను దగ్గర. ఏడాదిన్నర పాటు ఆ మిషను వేడికి ముఖం మాడి, దాని నల్లపొడి చున్నీకి అంటి, సాయంత్రం బస్సులో పక్కసీటువాళ్ళు దూరం జరిగేవారు. వెనక కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్న ఆపరేటర్ని చూసినప్పుడల్లా దుర్గకు ఒకటే అనిపించేది: ఆ కుర్చీ నాది కావాలి. ఆ ఆపరేటర్ పెళ్ళి చేసుకుని తణుకు వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న ఎవరూ చెప్పకుండానే దుర్గ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. రాజుగారు చూసి, టైపు చెయ్యాల్సిన కాగితం ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టారు. మరో మనిషిని వెతికే ఓపిక ఆయనకూ లేదు.

రాజుగారిది భీమవరం వైపు. పదెకరాల రొయ్యల చెరువు తెల్లమచ్చ రోగంతో ఒక్క వారంలో తుడిచిపెట్టుకుపోతే, మళ్ళీ ఆ నీళ్ళ ముఖం చూడనని ఒట్టు పెట్టుకుని రాజమండ్రి వచ్చి షాపు పెట్టారు. మంచి మనిషి. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. షాపులో ఆయన పెట్టిన ఒక ఆచారం ఉంది. కొత్త పని ఏదొచ్చినా, ఫైలు తెరవడం ఆయన చేతి మీదుగానే జరగాలి. ఆపరేటర్ లేచి నిలబడాలి. ఆయన కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని, ఒక వేలితో అరనిమిషం ఏదో కొట్టి, “బోణీ అయింది, ఇక కూర్చో” అని లేచేవారు. ఫైలుకు పేరు పెడుతున్నారు కాబోలనుకునేది దుర్గ. పెద్దాయన ముచ్చట, మనదేం పోయింది?

పుష్కరాలు అయిన ఏడాది, నవంబర్లో లోవలక్ష్మి మేడం షాపుకొచ్చింది. ఊళ్ళో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్. రొయ్యల చెరువుల పక్క పొలాల్లో ఉప్పు ఎంత పెరిగిందో ఆరేళ్ళు మట్టి తవ్వి తేల్చిన మనిషి. ఢిల్లీలో ఒక పత్రిక ఆ వ్యాసాన్ని తీసుకుంటే గానీ ఆమె పీహెచ్‌డీ థీసిస్ యూనివర్సిటీ గడప దాటదు. పత్రికవాళ్ళు ఫ్లాపీలో ఒక టెంప్లేటు పంపారు. అంటే ముందే గళ్ళు కట్టిన ఖాళీ ఫైలు: శీర్షిక ఇక్కడ, పేర్లు ఇక్కడ, సారాంశం ఇక్కడ, పట్టికలు ఇలా. దాన్ని నింపి పంపడమే.

రాజుగారు శీర్షిక చదివి ముఖం ముడుచుకున్నారు.

“రొయ్యల చెరువుల మీద పరిశోధనా? అయితే గట్టిగానే బోణీ చెయ్యాలి” అని కుర్చీలో కూర్చున్నారు.

మొదటిసారి వ్యాసం తిరిగొచ్చింది, అది ముమ్మాటికీ దుర్గ తప్పే. అప్పటిదాకా ఆమె చేసినవి పెళ్ళి కార్డులు. వరుడి పేరు కుడిపక్కకు జరగాలంటే స్పేస్ బార్ నొక్కుకుంటూ పోవడం, కిందికి దిగాలంటే ఎంటర్ కొట్టుకుంటూ పోవడం. కంటికి బాగుంటే చాలు. ఢిల్లీవాళ్ళ టెంప్లేటులోనూ అదే చేసింది. ఇక్కడ ముత్యాల్లా కనిపించిన పేజీలు అక్కడ తెరిచేసరికి చెల్లాచెదురయ్యాయి. ఇలా కాదు, ప్రతి వరుసకూ మా ఫైల్లో ముందే కట్టిపెట్టిన స్టైలే వాడాలి అని పత్రికవాళ్ళు జవాబు రాశారు.

దుర్గకు తలకొట్టేసినట్టయింది. టెంప్లేటుతో వచ్చిన పదకొండు పేజీల సూచనల కాగితాల్ని ఇంటికి పట్టుకెళ్ళింది. తమ్ముడు సురేష్‌బాబు స్కూలు డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో మాటకు తెలుగు రాసుకుంటూ నాలుగు రోజుల్లో మొత్తం చదివింది. రత్తమ్మ చేపల గంప దింపుతూ అడిగింది.

“పరీక్షలేమైనా ఉన్నాయేంటే?”

“పరీక్షేనమ్మా.”

తర్వాత కొత్త ఫైలుతో మొదటి నుంచీ మొదలెట్టింది. రాజుగారు మళ్ళీ బోణీ చేశారు. ఈసారి దుర్గ ఒక్క స్పేసు అదనంగా కొట్టలేదు. రెఫరెన్సులు అరవై రెండు, ఒక్కోదానికి చుక్క ఎక్కడో కామా ఎక్కడో వేలు పెట్టి చూసుకుంది. పంపిన పదో రోజున జవాబొచ్చింది. అంతా సరిగా ఉంది గానీ వ్యాసానికి శీర్షిక లేదట! శనివారం సాయంత్రం ఐదు లోపు సరిచేసి పంపకపోతే ఈ సంపుటానికి తీసుకోరట.

శీర్షిక లేకపోవడమేంటి? కాగితం మీద మొదటి పేజీలో, లావు అక్షరాలతో, పక్క గదిలోంచి చూసినా కనపడేటంత శీర్షిక ఉంది. లోవలక్ష్మి మేడం కుర్చీలో కూలబడిపోయింది.

“ఆరేళ్ళ పని దుర్గా! ఉన్నదాన్ని లేదంటే ఏం చెయ్యను?”

రాజుగారికి కోపం ఎవరిమీద చూపాలో తెలియక, దగ్గరున్న మనిషిమీద చూపారు.

“రెండుసార్లు తిప్పి కొట్టారంటే మన చేతిలోనే లోపం ఉందమ్మా. పెద్దవాళ్ళ పనులు మనకెందుకని ముందే అనుకున్నాను. ఇదే ఆఖరు. ఈసారి కూడా తిరిగొచ్చిందంటే కుర్చీ వేరేవాళ్ళకిస్తాను, నువ్వు జిరాక్సు దగ్గర నిలబడు.”

దుర్గ కళ్ళలో నీళ్ళు తిరిగిన మాట నిజం. కానీ అవి ఏడుపు నీళ్ళు కావు, ఒళ్ళుమంట నీళ్ళు. ఆ కుర్చీ ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, తనే వెళ్ళి కూర్చుంది. దాన్ని ఇంకొకరు లాక్కుంటే ఊరుకునే పిల్ల కాదు.

శనివారం పొద్దున్నే వచ్చి శీర్షికను మూడుసార్లు చెరిపి మళ్ళీ కొట్టింది. అక్షరాల సైజు చూసింది, స్టైలు చూసింది. సూచనల్లో ఎలా చెప్పారో అలాగే ఉంది. పన్నెండింటికి కరెంటు కోత. తెర ఆరిపోయింది. మేడం వచ్చి పక్కన కూర్చుంది. రాజుగారు గుమ్మంలో నిలబడి మున్సిపాలిటీ నుంచి ముఖ్యమంత్రి దాకా అందరినీ తిడుతున్నారు.

దుర్గ అన్నం క్యారియర్ విప్పకుండా, ప్రింటు తీసిన పేజీని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఎంత చూసినా తప్పు కనపడలేదు. అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. వల నీళ్ళలోకి వెళ్ళే ముందు చినబాబు దాన్ని చూడడు. ముఖం పక్కకు తిప్పుకుని, బీడీ కాల్చుకుంటూ, వేళ్ళతో ఒక్కో కన్నూ తడుముకుంటూ పోతాడు. చిన్నప్పుడు దుర్గ అడిగింది, చూడకుండా ఎలా తెలుస్తుంది నాన్నా అని. “చూస్తే కన్ను మోసం చేస్తాదే అమ్మా. కంటికి కనపడని చిరుగు వేలికి తగులుద్ది” అన్నాడు.

రెండింటికి కరెంటొచ్చింది. దుర్గ ఫైలు తెరిచింది. ఈసారి తెరను నమ్మదలచుకోలేదు. కర్సరును పేజీ నెత్తిన పెట్టి, కుడివైపు బాణం గుర్తు మీట ఒక్కసారి నొక్కింది. శీర్షికలోకి వెళ్ళాల్సిన కర్సరు వెళ్ళలేదు. ఉన్నచోటే, తెల్లటి ఖాళీలో, ఓ గింజంత పక్కకు జరిగింది. మళ్ళీ నొక్కింది. అప్పుడు గానీ కిందికి దిగి శీర్షికను చేరలేదు. అంటే శీర్షికకు పైన ఇంకో వరుస ఉంది. ఆ వరుసలో ఏదో ఉంది.

ఉండి కూడా కనపడట్లేదంటే తెల్లరంగులో ఉండాలి అనుకుంది దుర్గ. ఫైలంతా ఎంచి, రంగు నలుపు పెట్టింది. అన్నిటికంటే పైన, చీమ తలంత అక్షరం ఒకటి బయటపడింది.

శ్రీ.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ పట్టుబడింది ఈశ్వరుడి తాలూకు అక్షరమే.

“రాజుగారూ, ఒకసారి రండి. ఇదేంటండీ?”

ఆయన వచ్చి వంగి చూశారు. దొరికిపోయిన ముఖం పెట్టలేదు సరికదా, ఛాతీ విరుచుకున్నారు.

“కనపడట్లేదా? శ్రీ. ఈ షాపులోంచి శ్రీకారం లేకుండా ఒక్క కాగితం బయటికెళ్ళలేదు. మొదట్లో నల్లగానే పెట్టేవాణ్ణి. ఇదేమన్నా పెళ్ళి కార్డా అని ఓ లెక్చరర్ గారు నవ్వాడు. అప్పట్నించి తెల్లరంగు వేస్తున్నాను. దేవుడికి రంగుతో పనేంటి?”

“ఢిల్లీవాళ్ళ మిషనుకి కూడా రంగుతో పని లేదండి” అంది దుర్గ. “సూచనల్లో రాశారండి, మొదటి వరుసలో ఏముంటే దాన్నే టైటిల్‌గా తీసుకుంటారంట. మన తెలుగు ఫాంటు వాళ్ళ దగ్గర ఉండదు కదండీ. మేడం గారి పేపరుకి పేరు బదులు ఏదో పిచ్చిగీత వెళ్ళుంటుందండి.”

లోవలక్ష్మి మేడం వాచీ చూసుకుంది.

“ఇది తీసెయ్యాలండి” అంది దుర్గ.

“తియ్యడానికి వీల్లేదు.” రాజుగారు కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టారు. “నీకు తెలీదమ్మా. ఆ ఏడాది తొందరలో కొబ్బరికాయ కొట్టకుండా చెరువుకి నీళ్ళు పెట్టాను. ఏమైంది? పంట చేతికొచ్చే వేళకి, వారం తిరిగేసరికి రొయ్యంతా గట్టుకి కొట్టుకొచ్చింది. నా చేతుల్తో ఎత్తి పోశాను. ఇంకోసారి ఆ తప్పు నేను చెయ్యను.”

అప్పటిదాకా దుర్గ ఆ అరనిమిషం బోణీని చాదస్తమనుకుంది. అది భయమని ఇప్పుడు తెలిసింది. జాలేసింది. కానీ జాలిపడి ఊరుకుంటే మేడం ఆరేళ్ళూ, తన కుర్చీ కూడా పోతాయి. టైము మూడు దాటింది.

“రాజుగారూ, మీ నమ్మకాన్ని నేను కాదనట్లేదండి. మా నాన్న కూడా గోదారమ్మకి దణ్ణం పెట్టకుండా ఏనాడూ వల వెయ్యలేదండి. కానీ దణ్ణం పెట్టి, ఆ తర్వాత వల వేస్తాడండి. దణ్ణాన్ని వలకి కట్టడండి.”

ఆయన గోడమీది దేవుడి పటాల వైపు చూశారు, తెర వైపు చూశారు.

“నా చేత్తో తియ్యను” అన్నారు చివరికి.

“నేను తీస్తానండి.”

“ఆ తర్వాత ఏమైనా అయితే?”

“జిరాక్సు దగ్గరికెళ్ళి నిలబడతానండి. మీరన్నదే కదండీ.”

రాజుగారు చెప్పులేసుకుని టీ కొట్టు వైపు వెళ్ళిపోయారు. దుర్గ తెరముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, మనసులో దణ్ణం పెట్టుకుని, ఆ వరుస చెరిపేసింది. ఫైలంతా ఒక మెట్టు పైకి జరిగింది. ఆఖరి పేజీలో ఒంటరిగా వేలాడుతున్న వరుస కూడా పైకొచ్చి తనవాళ్ళ పక్కన కూర్చుంది. అరవై రెండు రెఫరెన్సులూ మళ్ళీ ఒకసారి చూసి, నాలుగున్నరకు పంపింది. ఇంటర్నెట్టు మోడెం ఫోను లైనులో కీచుమంటూ కలిసేదాకా మేడం దుర్గ భుజం వదలలేదు.

సోమ, మంగళ, బుధ వారాలు రాజుగారు దుర్గతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. దుర్గ పెళ్ళి కార్డులు చేసుకుంటూ కూర్చుంది. అన్నం సహించలేదు. తప్పు చేశానని కాదు, రైటు చేసి కూడా ఓడిపోతానేమోనని. గురువారం మధ్యాహ్నం లోవలక్ష్మి మేడం రిక్షా పూర్తిగా ఆగకముందే దిగి, చేతిలో కాగితం ఊపుకుంటూ వచ్చింది. వ్యాసం తీసుకున్నారు. పేజీల అమరికలో మార్చవలసిందేమీ లేదని ప్రత్యేకంగా ఒక వాక్యం రాశారు. మేడం ఆ వాక్యాన్ని రాజుగారికి రెండుసార్లు చదివి వినిపించింది. ఆయన తలూపి, “మంచిదండి” అని లోపలికెళ్ళిపోయారు.

మర్నాడు జువాలజీ లెక్చరర్ భీమరాజు గారు కొత్త వ్యాసం, ఇంకో పత్రికవాళ్ళ టెంప్లేటు ఉన్న ఫ్లాపీ పట్టుకొచ్చారు. అలవాటు కొద్దీ దుర్గ కుర్చీలోంచి లేచి పక్కన నిలబడింది. సాంబశివరాజు గారు వచ్చారు. కళ్ళజోడు సవరించుకున్నారు. కూర్చోలేదు. కీబోర్డుకు రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, అరనిమిషం అలాగే నిలబడ్డారు. తర్వాత చేతులు దించి పక్కకు జరిగారు.

“కూర్చో అమ్మా. మొదటి వరుస నువ్వే కొట్టు.”

దుర్గ కూర్చుని శీర్షిక కొట్టడం మొదలెట్టింది. గుమ్మంలో ఎవరో జిరాక్సు కావాలని పిలిచారు. ఆమె తల తిప్పేలోపే ఆ మిషను దగ్గరికి రాజుగారు నడిచారు.