గుండయ్య పాల సైకిల్ మీద సైన్సు పాఠం

గౌలిపురలోని మా బడికి ల్యాబ్ ఎన్నడూ లేదు. డానియేలు సార్ సంచే మా ల్యాబ్. పంతొమ్మిదేళ్లుగా కుక్కర్, టార్చిలైటు, ఏది దొరికితే అది ఇంటి నుంచి మోసుకొచ్చి సైన్సు చెబుతున్నాడు. పక్క క్లాసులో తెలుగు చెప్పే నాకు ఆ గోలతో తలనొప్పి. అయినా ఆయన్ను ఎవరన్నా ఒక్క మాటంటే ఊరుకోను.

దసరా సెలవులయ్యాక మా బడి కొత్త కరెస్పాండెంట్ వెంకటనారాయణ, డానియేలు సార్‌ను పిలిచాడు. "పెద్ద టీవీ కొంటున్న. వీడియోలల్ల అన్ని పాఠాలున్నయి. ఇగ నువ్వెందుకు? రేపు ఏడో క్లాసుకు ఒక్క పాఠం చెప్పు, నేను కూసుంట. ఉంచుడా తీసేసుడా అప్పుడు చూద్దం."

పంతొమ్మిదేళ్లుగా పాఠాలు చెప్పిన మనిషికి పరీక్షా! నాకు ఒళ్లు మండింది.

మర్నాడు పాఠం శక్తి మార్పు. ఆ క్లాసు పిల్ల రూప వాళ్ల తాత గుండయ్య ఒకప్పుడు పాలు పోసిన సైకిల్ తెప్పించాడు సార్. స్టాండు వేసి, వెనక టైరుకు డైనమో ఆనించి, దానికి బల్బు తగిలించాడు.

"తొక్కే బలం కరెంటైతది. కరెంటు వెలుగైతది. చూడుర్రి."

విశాల్ అనే పిల్లాడు ఎక్కి తొక్కాడు. బల్బు వెలగలేదు. లేచి నిలబడి తొక్కాడు. ఊహూఁ. సార్ వైర్లు బిగించాడు, బల్బు మార్చాడు. నా క్లాసు వదిలేసి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"అయిందా సర్కస్?" అన్నాడు వెంకటనారాయణ, గడియారం చూసుకుంటూ.

రూప ఏడుపు ముఖంతో లేచింది. "సార్, గా సైకిల్ పూజకు తప్ప బయటికి తియ్యరు. మొన్న ఆయుధ పూజకు మా తాత టైర్లకు గూడ నూనె రాసిండు, మెరవాలని."

సార్ వంగి చూశాడు. టైరు తిరుగుతోంది కానీ దానికి ఆనిన డైనమో తల తిరగకుండా జారిపోతోంది. ఇక నూనె తుడిచేస్తాడనుకున్నాను. తుడవలేదు.

"మరి విశాల్ గంతసేపు తొక్కిన బలం ఏడ వోయింది?" అని అడిగాడు. "సార్, జర మీరే ముట్టి చెప్పుర్రి" అని వెంకటనారాయణ వైపు తిరిగాడు.

ఆయన విసుగ్గా లేచి డైనమో తలను ముట్టుకున్నాడు. "అరే, వేడున్నది!"

"వేడైంది సార్! బలం వేడైంది!" పిల్లలు ఒక్కటే లొల్లి.

అప్పుడు సార్ టైరు తుడిచి, సుద్దపొడి రాశాడు. విశాల్ తొక్కాడు. బల్బు భగ్గుమని వెలిగింది.

"జరుగు బేటా" అంటూ వెంకటనారాయణ తనే సైకిలెక్కాడు. తొక్కాడు, ఆపాడు, మళ్లీ తొక్కాడు. ఆయాసపడుతూ అడిగాడు. "రేపు ఎనిమిదో క్లాసుకు ఏం తెస్తున్నవ్ డానియేలూ?"

సార్ జవాబు చెప్పేలోపే గుమ్మంలోంచి నేనే అరిచాను. "కుక్కర్ తెస్తడు సార్!"

అరుస్తూనే ఏడ్చేశాను.